సొంతవాళ్ళ గురించి వికీపీడియాలో రాసేటప్పుడు: సమస్య - పరిష్కారం

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకు ఈ చిక్కు రెండు వైపుల నుంచి వస్తుంది. ఆఫీసులో మార్కెటింగ్ మేనేజరు పిలిచి ‘మన వికీపీడియా పేజీ కాస్త బాగుచెయ్యి’ అంటాడు. ఇంటి నుంచి బాబాయి ఫోన్ చేసి ‘నా కథల పుస్తకాలు మూడు వచ్చాయి కదరా, నా పేరు మీద ఓ పేజీ పెట్టు’ అంటాడు. రెండు సందర్భాల్లోనూ రాసే మనిషికి ఆ విషయంతో ఉద్యోగమో, డబ్బో, చుట్టరికమో ముడిపడి ఉంది. దీన్నే ప్రయోజన వైరుధ్యం అంటారు. వికీ రాసేవాళ్ళ మాటల్లో సీఓఐ (కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్). సంబంధం ఉండడం నేరమేమీ కాదు. అది చెప్పకుండా వ్యాసంలో నేరుగా మార్పులు చేయడం వల్లనే కింద చెప్పిన చిక్కుల్లో చాలా భాగం పుడతాయి.

రాసింది నిమిషాల్లో మాయమైంది

ముందు వ్యాసం పైనున్న ‘చరిత్ర’ ట్యాబు తెరవండి. మీ మార్పును ఎవరు రద్దు చేశారో, దిద్దుబాటు సారాంశంలో ఏ కారణం రాశారో అక్కడ ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదవకుండా మళ్ళీ అదే పాఠ్యం పెట్టేసేవాళ్ళే ఎక్కువ. అలా చేయకండి. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో 3 కంటే ఎక్కువసార్లు ఇతరుల మార్పులను తిప్పికొడితే ఖాతా నిరోధానికి (బ్లాక్) గురికావచ్చు. మూడు దాటకపోయినా పదేపదే లాగులాట పెట్టుకుంటే అదీ దిద్దుబాటు యుద్ధం కిందికే వస్తుంది.

కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. మొదటిది పొగడ్త భాష. ‘ఫలానా సంస్థ బెంగళూరు కేంద్రంగా వినూత్న పరిష్కారాలతో దూసుకుపోతున్న అగ్రగామి ఫిన్‌టెక్ సంస్థ’ అనే వాక్యంలో పాఠకుడికి తెలిసిందేమిటి? ఊరి పేరు, ఫిన్‌టెక్ అన్న మాట తప్ప ఏమీ లేదు. దాన్ని ‘ఫలానా సంస్థ చిన్న దుకాణాలకు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. 2016లో కోరమంగలలో మొదలైంది’ అని రాసి, వాక్యం చివర స్వతంత్ర మూలం ఇస్తే నిలబడుతుంది. ప్రముఖ, సుప్రసిద్ధ, ప్రతిష్ఠాత్మక, విశేష సేవలు, బహుముఖ ప్రజ్ఞాశాలి: ఈ మాటలు కనిపించిన చోటల్లా కొట్టేసి చూడండి. వాక్యంలో సమాచారం మిగిలితే ఉంచండి, మిగలకపోతే వాక్యమే తీసేయండి.

రెండోది కాపీ. కంపెనీ వెబ్‌సైటులోని ‘మా గురించి’ పేజీని తెచ్చి అతికిస్తే కాపీహక్కు ఉల్లంఘన కింద వెంటనే పోతుంది. ‘అది మా సొంత పాఠ్యమే కదా’ అన్న వాదన చెల్లదు. వికీపీడియా పాఠ్యం క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 లైసెన్సు కింద వెళుతుంది, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ లైసెన్సు కింద సంస్థ రాతపూర్వకంగా విడుదల చేసినా ప్రచార భాష కాబట్టి ఎలాగూ తీసేస్తారు. కొత్తగా రాసుకోవడమే తక్కువ శ్రమ.

ఖాతానే నిరోధించారు

వాడుకరి పేరు చూసుకోండి. కంపెనీ పేరుతోనో, ‘ఫలానా మీడియా టీమ్’ అనో ఖాతా తెరిస్తే ఇంగ్లీషు వికీలో నిరోధిస్తారు. ఖాతా ఒక మనిషిది కావాలి, విభాగానిది కాదు. పాస్‌వర్డ్ నలుగురు పంచుకోవడం కుదరదు. ‘ఫలానా సంస్థలో రమ’ లాంటి పేరు మాత్రం చెల్లుతుంది.

నిరోధం నోటీసు పూర్తిగా చదవండి, ఎందుకంటే పరిష్కారం దాన్ని బట్టే మారుతుంది. పేరు వల్ల మాత్రమే వేసిన మెత్తటి నిరోధమైతే కొత్త ఖాతా తెరుచుకోవచ్చు, లేదా గ్లోబల్ రీనేమ్ పేజీలో పేరు మార్పు అడగవచ్చు. ప్రచారం చేశారని వేసినదైతే కొత్త ఖాతా తెరవకూడదు. తెరిస్తే దొంగఖాతా నేరం కూడా తోడవుతుంది. మీ వాడుకరి చర్చ పేజీలోనే నిరోధం ఎత్తివేతకు అర్జీ పెట్టండి: సంబంధం ఏమిటో, ఏం తప్పు జరిగిందో, ఇకపై ఏం చేస్తారో మూడు వాక్యాల్లో చాలు.

ప్రచార ఖాతాను నిరోధించినప్పుడు అది చివరిగా వాడిన ఐపీ చిరునామాకు 24 గంటల ఆటోబ్లాక్ (దానంతటదే పడే నిరోధం) పడుతుంది. ఒకే ఆఫీసు నెట్‌వర్కులో ఉన్న సహోద్యోగి ఏమీ చేయకుండానే ‘మీరు నిరోధంలో ఉన్నారు’ అని చూసి కంగారుపడేది ఇందుకే. ఆఫీసు వీపీఎన్ డేటాసెంటర్ ఐపీ గుండా వెళుతున్నా ఇలాంటి సందేశమే వస్తుంది. వీపీఎన్ ఆపి ఇంటి కనెక్షన్ నుంచి ప్రయత్నించండి.

పేజీలో తప్పు ఉంది, దిద్దితే ఒప్పుకోవడం లేదు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. సరైన దారి రెండు మెట్లు: ముందు వెల్లడి, తర్వాత చర్చ పేజీలో అభ్యర్థన.

వెల్లడి మర్యాద కోసం చేసేది కాదు. డబ్బు తీసుకుని రాసేవాళ్ళు యజమాని, క్లయింటు, అనుబంధం తప్పక చెప్పాలని, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2014 జూన్‌లో వాడుక నియమాల్లో చేర్చింది. వాడుకరి పేజీ, వ్యాసం చర్చ పేజీ, దిద్దుబాటు సారాంశం, ఈ మూడింట్లో కనీసం ఒకచోట ఉండాలి. ఇంటర్న్‌కు కూడా వర్తిస్తుంది. స్టైపెండ్ లేకపోయినా, వికీలో రాయడం ఇంటర్న్‌షిప్ పనిలో భాగమైతే చెప్పాలి. ఏజెన్సీలో ఉన్నవాళ్ళు ఏజెన్సీ పేరు ఒక్కటీ చెప్పి ఊరుకుంటే సరిపోదు, క్లయింటు పేరూ కావాలి. వాడుకరి పేజీలో ఇలా రాస్తే చాలు: ‘నేను ఫలానా సంస్థ కమ్యూనికేషన్స్ విభాగంలో ఉద్యోగిని. ఈ సంస్థ వ్యాసంపై నేను చేసే పని నా ఉద్యోగంలో భాగం. వ్యాసాన్ని నేరుగా మార్చను, చర్చ పేజీలో అడుగుతాను.’

బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ యాక్సెస్ టు నాలెడ్జ్ కార్యక్రమం ఉద్యోగులు సంస్థ పేరును తోకగా పెట్టుకున్న వేరే ఖాతాతో ఉద్యోగపు పని చేయడం ఇందుకు మంచి నమూనా. తమ సొంత ఆసక్తితో రాసేవి సొంత ఖాతాలో రాసుకోవచ్చు, రెండు ఖాతాల వాడుకరి పేజీల్లోనూ రెండో ఖాతా పేరు చెబితే సరి.

ఇక అభ్యర్థన. ఇంగ్లీషు వికీలో వ్యాసం చర్చ పేజీలో కొత్త విభాగం తెరిచి ‘ఎడిట్ సీఓఐ’ మూస (టెంప్లేట్) పెట్టాలి. అది మీ అభ్యర్థనను ఒక వరుసలోకి చేరుస్తుంది. దాని కింద రాయాల్సినవి: మార్చాల్సిన వాక్యం ఉన్నదున్నట్టు, దాని బదులు మీరు కోరే వాక్యం, ఎందుకు, ఏ మూలం ఆధారంగా. చివర నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం. ఒక అభ్యర్థనలో ఒకే మార్పు పెట్టండి. ‘వ్యాసం మొత్తం పాతబడింది, జత చేసిన ఫైలుతో మార్చండి’ అని రాస్తే ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే సరిచూసేది వేతనం లేని స్వచ్ఛంద రచయితలు. ఒక్క మూలం తెరిచి ఒక్క సంఖ్య పోల్చుకునేలా ఉంటే పని తొందరగా అవుతుంది. అయినా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ప్రోడక్ట్ లాంచ్ తేదీకల్లా అయిపోవాలని పై అధికారికి మాట ఇవ్వకండి.

తెలుగు వికీలో చర్చ పేజీలను గమనించేవాళ్ళు తక్కువ. వారం పది రోజులు ఆగి స్పందన లేకపోతే, తెలుగు వికీ రచయితలంతా మాట్లాడుకునే పేజీ అయిన రచ్చబండలో లింకుతో ఒక ముక్క రాయండి, లేదా ఆ వ్యాసం చరిత్రలో ఇటీవల పనిచేసిన వాడుకరిని పేరుతో పిలిచి అడగండి.

అక్షరదోషం, తెగిపోయిన లింకు, ఎవరో రాసిన బూతు, ఇలాంటివి సీఓఐ ఉన్నా నేరుగా సరిచేయవచ్చు. జీవించి ఉన్న మనిషి మీద మూలం లేని ఆరోపణ ఉంటే వెంటనే తీసేయవచ్చు, కారణం సారాంశంలో రాయాలి. కానీ ‘అక్షరదోషం’ అని రాసి నాలుగు పేరాలు మార్చకండి. చరిత్రలో ప్రతి మార్పు పక్కన ఎన్ని బైట్లు పెరిగాయో, తగ్గాయో కనిపిస్తూనే ఉంటుంది. (తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మన చిన్న మార్పులే పెద్ద అంకెలుగా కనిపిస్తాయి, వాటిని చూసి బెదరకండి.)

మూలాలు ఇచ్చినా చెల్లవంటున్నారు

లింకులు ముప్ఫై ఉంటే వ్యాసం నిలబడుతుందనుకోవడం పొరపాటు. నిలబెట్టేవి రెండో మూడో మంచి కథనాలు: సంస్థతో సంబంధం లేని విలేకరి, తానే విచారించి, సంస్థ గురించి లోతుగా రాసినవి. నిధుల సేకరణ వార్త, కొత్త సీఈఓ నియామకం, ‘టాప్ 10 స్టార్టప్‌లు’ జాబితా, వ్యవస్థాపకుడి ఇంటర్వ్యూ, ఇవేవీ వికీలో వ్యాసం ఉండదగ్గ ప్రాముఖ్యతను నిరూపించవు. కంపెనీల రిజిస్ట్రారు దగ్గరి పత్రం సంస్థ ఉందని మాత్రమే చెబుతుంది.

మన దేశంలో ఇంకో చిక్కుంది. పత్రికల్లో డబ్బిచ్చి వేయించుకునే వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2010లో నివేదిక ఇచ్చింది, ఆ అనుమానం ఇప్పటికీ పోలేదు. కాబట్టి పెద్ద పత్రిక సైటు అయినంత మాత్రాన సరిపోదు. పేజీ పైనా కిందా ‘ఇంపాక్ట్ ఫీచర్’, ‘బ్రాండ్ పోస్ట్’, ‘సంపాదక వర్గానికి సంబంధం లేదు’ లాంటి మాటలున్నాయేమో చూడండి. విలేకరి పేరు లేకుండా, అవే వాక్యాలు అయిదారు సైట్లలో కనిపిస్తే అది పత్రికా ప్రకటన. ఇలాంటివి తీసేశాక ఏమీ మిగలకపోతే వ్యాసానికి ఇంకా వేళ కాలేదని అర్థం. బాబాయి కథలకూ ఇదే కొలత: వేరేవాళ్ళు పత్రికల్లో రాసిన సమీక్షలు, విమర్శ వ్యాసాలు కావాలి; సన్మాన పత్రాలు, ముందుమాటలు లెక్కలోకి రావు.

‘వివాదాలు’ విభాగం తీసేయమని పైవాళ్ళు పట్టుబడుతున్నారు

మంచి మూలంతో ఉన్న నిజాన్ని తీసేయించలేరు. ఈ మాట పైవాళ్ళకు మొదటి రోజే సూటిగా చెప్పేయాలి. అడగగలిగినవి వేరే ఉన్నాయి. ఆరోపణ ఉండి తీర్పు లేకపోతే తీర్పు చేర్చమని అడగండి, వార్తా మూలంతో. నాలుగు పేరాల వ్యాసంలో మూడు పేరాలు ఒకే గొడవ గురించి ఉంటే నిష్పత్తి తప్పిందని చర్చ పేజీలో వాదించండి. సహోద్యోగులను పంపి ‘నేనూ ఒప్పుకుంటున్నా’ అనిపించకండి. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, వాదన చూస్తారు. ఒకేసారి పుట్టిన నాలుగు కొత్త ఖాతాలు మీ వాదన బలాన్ని కూడా తీసేస్తాయి.

వ్యాసం నెత్తిన సీఓఐ హెచ్చరిక మూస పడితే మీ చేత్తో తీయకండి. ఏ వాక్యాలతో ఇబ్బందో చెప్పమని చర్చ పేజీలో మూస పెట్టినవాళ్ళను అడగండి.

ఫోటో తొలగించారు

వికీపీడియా ఫోటోలను దాచే సైటు వికీమీడియా కామన్స్. అక్కడ పెట్టే ఫోటోకు వాణిజ్య వాడకాన్ని కూడా అనుమతించే లైసెన్సు ఉండాలి. ఫోటోలో ఉన్నంత మాత్రాన హక్కు రాదు. డబ్బిచ్చి తీయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం హక్కు తీయించుకున్నవాళ్ళదే. హక్కుదారు అధికారిక ఈమెయిల్ నుంచి కామన్స్ అనుమతుల బృందానికి విడుదల పత్రం పంపితే ఫోటో తిరిగి వస్తుంది.

‘డబ్బిస్తే పేజీ పెట్టిస్తాం’ అని ఫోన్ వచ్చింది

ఇవ్వకండి. పేజీ నిలబడుతుందని హామీ ఇవ్వగలిగే మనిషి వికీపీడియాలో ఎవరూ లేరు, నిర్వాహకులతో సహా. తిరస్కరణకు గురైన ముసాయిదాల జాబితా బయటికి కనిపించేదే కాబట్టి మోసగాళ్ళు అక్కడి నుంచే సంస్థల పేర్లు ఏరుకుంటారు. 2015లో బయటపడిన ఆరెంజ్‌మూడీ వ్యవహారంలో ఇంగ్లీషు వికీలో 381 ఖాతాలను నిరోధించారు; వ్యాసం పెట్టడానికీ, ఆ తర్వాత దాన్ని ‘కాపాడడానికీ’ డబ్బు గుంజారు. వచ్చిన సందేశాన్ని చెరిపేయకుండా ఉంచి వికీపీడియాకు పంపండి.

మా ఊరి గురించి రాయవచ్చా?

రాయండి, నిస్సంకోచంగా. తెలుగు వికీలో 2011 జనగణన అంకెలతో ఉన్న ఊళ్ళ వ్యాసాలు ఊరివాళ్ళ కోసమే ఎదురుచూస్తున్నాయి. చెరువు, బడి, తిరునాళ్ళు, పంటలు మూలాలతో చేర్చడంలో సీఓఐ లేదు. ‘గ్రామ ప్రముఖులు’ అన్న శీర్షిక కింద మీ మేనమామ పేరు, ఆయన చేసిన మేళ్ళు చేర్చినప్పుడు మాత్రం వస్తుంది. అది చర్చ పేజీలో అడగండి.

వేరొకరి మీద అనుమానం వస్తే

ముందు పాఠ్యాన్ని చూడండి. పొగడ్త, మూలం లేనిది అయితే సంబంధం సంగతి తేలకుండానే దిద్దవచ్చు. తర్వాత ఆ వాడుకరి చర్చ పేజీలో మర్యాదగా అడగండి: ‘ఈ సంస్థతో మీకు సంబంధం ఉందాండీ? ఉంటే వెల్లడి ఎలా చేయాలో చెబుతాను.’ కొత్తవాళ్ళలో చాలామందికి నియమం ఉందనే తెలియదు. వాళ్ళ లింక్డిన్ వెతికి అసలు పేరు, ఉద్యోగం వికీలో బయటపెట్టడం మాత్రం కూడదు. వాళ్ళే వికీలో చెప్పుకోని వివరాలు రాస్తే నిరోధం పడేది మీకే. జవాబు రాకుండా అదే పని సాగుతుంటే ఇంగ్లీషు వికీలో సీఓఐ నోటీసు బోర్డులోనూ, తెలుగులో నిర్వాహకుల దృష్టికీ, మార్పుల లింకులతో తీసుకెళ్ళండి. వికీ బయటి ఆధారాలుంటే ఆ బోర్డులో కాకుండా ఈమెయిల్‌లో పంపండి.