తిరగబడిన హీబ్రూ ఉత్తరాన్ని సరిచేసుకోవడం ఎలా

జగదాంబ కూడలి దగ్గరున్న మా డీటీపీ దుకాణానికి హీబ్రూ పని రెండు వైపుల నుంచి వస్తుంది. విశాఖ ఓడరేవులో సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్ల గుమాస్తాలు ఇజ్రాయెల్‌లోని హైఫా, అష్డోద్ రేవుల నుంచి అందిన ఈమెయిళ్లను తెస్తారు. పాత నిబంధనను మూలభాషలో చదువుకొనే వేదాంత విద్యార్థులు తమ వ్యాసాలను తెస్తారు. ఇద్దరూ చెప్పేది ఒకటే: అక్షరాలు పాడైపోయాయని. అయితే పాడవడంలో రకాలున్నాయి, ఒక రకానికి వేసే మందు మరొక రకానికి పనికిరాదు. అందువల్ల ఏ మీటా నొక్కకముందే తెరమీద సరిగ్గా ఏం కనిపిస్తోందో చూడాలి.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే అది ఫాంటు లోపం మాత్రమే. విండోస్‌లోని ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్లలో హీబ్రూ అక్షరాలు ఉంటాయి కనుక ఈ బాధ ఇప్పుడు అరుదు. అచ్చులను (స్వరాలను) సూచించే చుక్కలతో కూడిన బైబిలు పాఠానికి మాత్రం ఎస్‌బీఎల్ హీబ్రూ, ఎజ్రా సిల్ వంటి ఫాంటును పెట్టుకోవడం మంచిది, లేకుంటే చుక్కలు అక్షరం కింద కుదురుగా నిలవవు.

వరుస నిండా గుణకారపు గుర్తులు (×), వాటి మధ్య అర్థంలేని చిహ్నాలు కనిపిస్తే, యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే నేటి పద్ధతిలో) రాసిన హీబ్రూను మీ సాఫ్ట్‌వేర్ పాత పాశ్చాత్య అక్షర సంకేతాల పట్టికతో చదువుతోందని తెలుసుకోవాలి. యూటీఎఫ్-8లో ఒక్కో హీబ్రూ అక్షరానికి రెండు బైట్లు పడతాయి, వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే. ఆ పాత పట్టికలో దాని స్థానంలో ఉన్నది గుణకారపు గుర్తు. మన తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, అదే పొరపాటు జరిగినప్పుడు నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు పదేపదే కనిపిస్తాయి. తెలుగు ఉత్తరాల్లో ఆ గందరగోళాన్ని ఎన్నోసార్లు చూసినవారికి ఇది కొత్త జబ్బేమీ కాదు. గుణకారపు గుర్తులు లేకుండా గీతలున్న ఇంగ్లీషు అచ్చులే వరుసగా కనిపిస్తే, అసలు ఉత్తరం విండోస్-1255 అనే పాత హీబ్రూ పట్టికలో రాసినదై ఉంటుంది.

ఈ రెండింటికీ చికిత్స ఒకటే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోనైనా థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ‘వ్యూ’ మెనూలోని ‘రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్’ నొక్కితే చాలాసార్లు అక్షరాలు వాటంతటవే కుదురుకుంటాయి. క్రోమ్‌లో అటువంటి మెనూ లేదు, కాబట్టి ఆ పేజీని ఫైర్‌ఫాక్స్‌లో తెరవాలి. జీమెయిల్‌కు వచ్చిన ఉత్తరమైతే దానిని ఫైలుగా దించుకొని థండర్‌బర్డ్‌లో తెరవవచ్చు. తెరమీది గందరగోళాన్ని కాపీ చేసి ఏదో ఒక కన్వర్టరులో వేసే అలవాటు మాత్రం మానుకోవాలి, ఎందుకంటే అలెఫ్, పదాంతపు మేమ్ అక్షరాల రెండో బైటుకు ఆ పాశ్చాత్య పట్టికలో గుర్తే లేదు. కాపీలో అవి జారిపోతే షాలోమ్ అన్న పలకరింపు కూడా సగంలోనే ఆగిపోతుంది. ఇక వరుసంతా ప్రశ్నార్థకాలే ఉంటే, అక్షరాలు దారిలోనే పోయాయని అర్థం. యూటీఎఫ్-8లో మళ్ళీ పంపమని అవతలివారిని అడగడమే మార్గం.

అక్షరాలు చక్కగా కనిపిస్తూనే వెనుకనుంచి ముందుకు పేరుకొని ఉండడం మరొక రకం. హీబ్రూ రానివారు కూడా దీనిని పట్టుకోవచ్చు. ఆ భాషలోని 22 అక్షరాల్లో 5 అక్షరాలకు పదం చివర వేరే రూపం ఉంటుంది. హీబ్రూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది కనుక ఆ రూపాలు పదానికి ఎడమ కొసనే ఉండాలి. పదాంతపు మేమ్ నాలుగు వైపులా మూసిన చిన్న పెట్టెలా ఉంటుంది. ఆ పెట్టె పదాల కుడి కొసన కనిపించిందంటే పాఠం తిరగబడిందన్నమాట. పాత రోజుల్లో హీబ్రూను కంటికి కనిపించే వరుసలోనే, అంటే ఎడమనుంచి కుడికి, ఫైల్లో పేర్చేవారు. మనం డీటీపీలో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో అక్షరాన్ని ముక్కలుగా, కంటికి సరిపోయేట్టు పేర్చుకొన్నది కూడా ఇటువంటి సర్దుబాటే. ఐఎస్ఓ-8859-8 అనే పాత హీబ్రూ పట్టిక ముద్ర ఉన్న పేజీలను బ్రౌజర్లు నేటికీ ఆ వరుసగానే తీసుకొని సరిగా చూపిస్తాయి, కానీ అక్కడి వాక్యాన్ని కాపీ చేసి ఈమెయిల్లో అతికిస్తే తిరగబడుతుంది. పొట్టి వాక్యమైతే చూసి మళ్ళీ టైపు చేయడమే మేలు.

మనం రాసేటప్పుడు మాత్రం ఎన్నడూ చేతితో తిరగేసి టైపు చేయకూడదు. నా దగ్గరికి వచ్చిన ఫైళ్లలో బాగుచేయడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నవి అలా ‘సరిచేసి’ తెచ్చినవే. విండోస్ సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో హీబ్రూను చేర్చి, విండోస్ మీటను స్పేస్‌తో కలిపి నొక్కితే కీబోర్డు మారుతుంది. పలికే వరుసలోనే టైపు చేస్తే దిశ సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. అయినా వాక్యం చివరి చుక్క కుడివైపుకు, అంటే వాక్యారంభానికి, గెంతుతుంది. చుక్కకు సొంత దిశ లేదు, అది పేరా దిశనే అనుసరిస్తుంది, పేరా ఇంకా ఇంగ్లీషు దిశలోనే ఉంది. కంట్రోల్‌తో కుడి షిఫ్టు నొక్కితే పేరా దిశ మారుతుంది. ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్‌లలో కంట్రోల్, షిఫ్టు, ఎక్స్ కలిపి నొక్కాలి. జీమెయిల్లో సెట్టింగ్స్‌కు వెళ్ళి కుడినుంచి ఎడమకు రాసే సదుపాయాన్ని ముందుగా తెరిచి ఉంచాలి. పేరాను కుడి అంచుకు జరిపే బొత్తాము దీనికి పనికిరాదు. అది వరుసను జరుపుతుందే గాని దిశను మార్చదు.

దిశ మార్చిన తరువాత కూడా ఫోను నంబరు ఒక చిక్కు తెస్తుంది. మనం మొబైల్ నంబరును ఐదేసి అంకెలుగా, మధ్యలో ఖాళీ వదిలి రాస్తాం. హీబ్రూ వాక్యం మధ్యలో అలా రాస్తే అంకెల లోపలి వరుస మారదు గాని రెండు భాగాలు తారుమారవుతాయి, ముందుండవలసిన కూడిక గుర్తు 91కి కుడివైపుకు పోతుంది. అది చూసి ఫోను చేసినవారికి మనం దొరకము. నంబరుకు ముందు ‘లెఫ్ట్-టు-రైట్ మార్క్’ అనే కనిపించని అక్షరాన్ని చేర్చితే అంతా కుదురుకుంటుంది. కంటైనర్ నంబరుకు ఈ బాధ లేదు, ముందున్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు తమ వెనుకనున్న ఏడు అంకెలను కూడా తమ దిశలోనే నడిపించుకుపోతాయి.

హైఫాకు పంపే ముందు ఆ ఉత్తరాన్ని మీదే అయిన మరొక ఖాతాకు పంపుకొని ఫోనులో తెరిచి చూడండి. మూసిన పెట్టె పదానికి ఎడమ కొసన, చుక్క వాక్యానికి ఎడమ కొసన, కూడిక గుర్తు 91కి ఎడమవైపున ఉంటే పంపవచ్చు.