క్వారీ మూసే ముందు మొక్కల సర్వే: ప్లాన్‌లో ఎలా పెట్టాలి

సున్నపురాయి మైన్ మూసేద్దామనుకునేవాళ్లు ముందు క్యాలెండర్ చూస్కోండి. ఫైనల్ మైన్ క్లోజర్ ప్లాన్‌ని, అంటే మైన్‌ని ఎలా మూసి నేలని ఎలా బాగుచేస్తారో రాసే ప్లాన్‌ని, మూసే తేదీకి 2 ఏళ్ల ముందే ఐబీఎం, అంటే ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కి పెట్టాలని 2017 ఎంసీడీఆర్, అంటే ఖనిజాల సంరక్షణ, అభివృద్ధి రూల్స్‌లో ఉంది. ఆ 2 ఏళ్లు అందరికీ గుర్తుంటాయి గానీ, అంతకన్నా ముందు మొక్కల సర్వేకి ఒక వానాకాలం కావాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. గ్రానైట్, కంకర వాళ్లైతే ఐబీఎం కాదు, అవి మైనర్ మినరల్స్ కాబట్టి రాష్ట్ర మైన్స్ డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లాలి.

వానాకాలమే ఎందుకంటే, ఏప్రిల్‌లో డంపు, అంటే పనికిరాని రాయి, మట్టి పోసిన గుట్ట ఎక్కితే కనిపించేది సర్కారు తుమ్మ, జిల్లేడు, ఎండిపోయిన వయ్యారిభామ, అంతే. అదే ఆగస్టు తర్వాత వెళ్తే వెంపలి, తుమ్మి, రకరకాల గడ్డి, నీళ్లు నిలిచిన గుంటల్లో తుంగ, జమ్ము, అంచుల్లో తంగేడు కనిపిస్తాయి. ఇవన్నీ ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా ఉత్త రాయి మీద వచ్చినవి కదా, వాటిని బుల్డోజర్‌తో చదును చేసేసి నర్సరీ నుంచి మొక్కలు కొనుక్కొచ్చి నాటడం నాకైతే వింతగానే ఉంటుంది.

సర్వేకి మైన్ మేనేజర్ పర్మిషన్, హెల్మెట్, బూట్లు తప్పవు. లీజులో ఫారెస్ట్ ల్యాండ్ ఉంటే మొక్క తెంపే ముందు ఫారెస్ట్ ఆఫీసర్‌ని (డీఎఫ్ఓ) అడగండి. పిట్ (తవ్విన గొయ్యి), డంపు, తవ్వని అంచు, మూడింటినీ విడివిడిగా చూడాలి. మామూలుగా చెట్లకి 10 మీటర్ల చదరం, పొదలకి 5, గడ్డికి 1 మీటరు గీసుకుని లెక్కపెడతారు. పేరు తెలియనివి పువ్వు, కాయతో సహా పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, ఎక్కడ దొరికిందో రాసి, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ సెంటర్‌కి లెటర్ పెట్టి గుర్తింపు రాయించుకోండి. లిస్టులో శాస్త్రీయ నామం తప్పనిసరిగా రాయండి, ఎందుకంటే ఒకచోట సర్కారు తుమ్మ అన్నదాన్నే ఇంకోచోట ఇంగ్లీషు తుమ్మ అంటారు.

ఈ లిస్టూ, మ్యాపూ ప్లాన్‌లో రిక్లమేషన్ (నేలని బాగుచేసే) చాప్టర్‌కి అనెక్జర్‌గా, అంటే అనుబంధంగా కలపండి. మైనింగ్ అయిపోయాక నేలని మళ్లీ గడ్డి, మేత పెరిగేలా చెయ్యాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది, ఆ కండిషన్ పర్యావరణ అనుమతుల్లో కూడా వస్తోంది, అక్కడా ఇదే లిస్టు పనికొస్తుంది.

ఇంకోటి, సర్వే చేసిన పాయింట్ల దగ్గర సున్నం కొట్టిన రాళ్లు పాతి ఫొటోలు తీసుకోండి. పనులన్నీ ప్లాన్ ప్రకారం చేశారని ఐబీఎం సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, అప్పుడు అవే రాళ్ల దగ్గర నిలబడి రెండో ఫొటో తీస్తే సరిపోతుంది.