కాజీపేట నుంచి కామిక్ కాన్ దాకా ఉత్తుత్తి కత్తి తీసుకెళ్లడం ఎలా?

కామిక్స్, సినిమా పాత్రల అభిమానులు కలిసే హైదరాబాద్ కామిక్ కాన్‌కు ఆ పాత్రల వేషం కట్టుకుని వెళ్లాలనుకునే వాళ్లు డ్రెస్ గురించి, మేకప్ గురించి తెగ టెన్షన్ పడతారు. చేతిలో పట్టుకునే ఆయుధం సంగతి చివర్లో గుర్తొస్తుంది. హాల్లో అది ఉత్తుత్తిదని అందరికీ తెలుసు, కాజీపేట ప్లాట్‌ఫాం మీద మాత్రం ఎవరికీ తెలియదు. కాబట్టి కత్తి చేసేటప్పుడే దారిని దృష్టిలో పెట్టుకోండి.

1. ముందు నియమాలు చదవండి

ఏ ఈవెంట్ నియమాలు దానివి. టికెట్‌తో పాటు వాటినీ చదివి, పొడవుకు పరిమితి ఉంటే రాసిపెట్టుకోండి. ఇనుప కత్తులు, ఛర్రా పేల్చే గన్‌లు గేటు దాటుతాయని ఆశపడొద్దు. ఎగ్జిబిషన్‌లో కొన్న అలంకారపు కత్తికి పదును లేకపోయినా సరే, ఇంట్లోనే ఉంచండి. 2016 ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు, బల్లేలు ఆయుధాల జాబితాలోనే ఉన్నాయి. ఆటబొమ్మగా తప్ప ఇంకెందుకూ పనికిరాని వాటిని మాత్రం 1959 ఆయుధాల చట్టం ఆయుధాలుగా లెక్కించదు. మీ కత్తి ఈ రెండో రకంలో ఉండాలి.

2. ఫోమ్‌తో చేయండి

పిల్లలు ఆడుకోవడానికి నేల మీద పరిచే, ఒకదానికొకటి అతుక్కునే ఫోమ్ చాపలు దీనికి భలే పనికొస్తాయి. బ్లేడ్ ఆకారంలో రెండు ముక్కలు కోసి, మధ్యలో సన్నని పీవీసీ పైపు పెట్టండి. ఇనుప రాడ్డు, వెదురు కర్ర వద్దు. ఫోమ్ చిరిగితే అవి బయటికి పొడుచుకొస్తాయి. చెప్పులకు వాడే రకం జిగురును రెండు వైపులా పూసి, తడి ఆరి చేతికి అంటనప్పుడు అతికించాలి. తొందరపడి తడిగా ఉండగానే అతికిస్తే ఊడిపోతుంది. వేడి గాలి ఊదే హీట్ గన్‌తో పైపైన వేడి చేస్తే ఫోమ్ రంధ్రాలు మూసుకుంటాయి. ఆ తర్వాత నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు మూడు పూతలు, దాని మీద అక్రిలిక్ వెండి రంగు వేయండి. థర్మోకోల్ వాడితే మాత్రం స్ప్రే పెయింట్ జోలికి పోవద్దు, కరిగిపోతుంది.

పిడికి నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్ర దొరికితే అదృష్టమే. తేలిక, చెక్కడానికి మెత్తన. రాణి రుద్రమ వేషానికి పెంబర్తి ఇత్తడి మెరుపు కావాలంటే నగల్లో పెట్టుకోండి, కత్తిలో వద్దు.

మొనను గుండ్రంగా చేసి, కత్తితో మీ ముంజేతి మీదే ఒక దెబ్బ వేసుకోండి. నొప్పి పుడితే అది ఇంకా సిద్ధం కానట్టే.

3. గన్ అయితే ఇంకా జాగ్రత్త

నా సలహా: తప్పదంటేనే గన్ చేయండి. గొట్టం చివర నారింజ రంగు వేయండి, ఏదీ పేల్చే వీలు లేకుండా చూడండి. విల్లుకు మెత్తని ఎలాస్టిక్ తాడు చాలు.

4. రెండు ముక్కలుగా విడిపోవాలి

పీవీసీ కప్లింగ్‌తో మధ్యలో జాయింట్ పెడితే బల్లెం కూడా క్రికెట్ కిట్ బ్యాగులో పడుతుంది. బస్సులో, రైల్లో కిట్ బ్యాగును ఎవరూ వింతగా చూడరు. చున్నీలో చుట్టిన కత్తిని అందరూ చూస్తారు.

5. దారిలో

రైలైనా బస్సైనా మామూలు బట్టల్లోనే వెళ్లండి, వేషం అక్కడికి వెళ్లాక కట్టుకోవచ్చు. ప్లాట్‌ఫాం మీద కత్తి తీసి రీల్ చేయాలన్న సరదా అస్సలు వద్దు. పోలీసులు ఆపి "ఏందిది?" అంటే మీరే బ్యాగు తెరిచి, "ఫోమ్‌తో చేసింది సార్, పట్టుకుని చూడండి" అనండి. ఫోన్‌లో ఈవెంట్ టికెట్, తయారు చేస్తున్నప్పటి ఫొటోలు ఉంటే మాట త్వరగా తెగుతుంది.

ఈవెంట్ మాదాపూర్ హైటెక్స్‌లో ఉంటే, హన్మకొండ బస్సులో ఉప్పల్‌లో దిగి, రైలు మారకుండా మెట్రోలో హైటెక్ సిటీ చేరొచ్చు. కానీ మెట్రోలో బ్యాగు స్కానర్‌లోంచి పోవాలి. అందులో గన్ ఆకారం కనపడితే వివరించుకుంటూ నిలబడాల్సి రావచ్చు. గన్ ఉన్నవాళ్లు ఉప్పల్ నుంచి క్యాబ్ మాట్లాడుకోవడం మేలు.

సొంత కారులో వెళ్లేవాళ్లు ఎండలో ఆపిన బండిలో త్రీడీ ప్రింట్ చేసినవి వదలొద్దు. ఆ ప్రింటింగ్‌కు ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి వంగిపోతుంది.

6. గేటు దగ్గర, లోపల

తనిఖీ చేసేవాళ్లకు అడగకముందే చూపించండి. ట్యాగ్ కడితే రోజంతా విప్పొద్దు. వద్దంటే వాదించకుండా, ఎక్కడ దాచుకోవచ్చో అడగండి. లోపల కత్తిని నిలువుగా, ఒంటికి దగ్గరగా పట్టుకుని నడవండి. ఫొటో కోసమైనా ఎవరి మొహం వైపూ తిప్పొద్దు. చిన్నపిల్లలు పట్టుకుంటామంటే ఇవ్వండి, ఫోమే కదా.

రిపేరుకు టేపు, పిన్నీసులు చాలు. కట్టర్ బ్లేడ్ తేవద్దు, కత్తి లోపలికి పోయి కట్టర్ గేటు దగ్గరే ఆగిపోవచ్చు. టేపును ఇంట్లోనే ముక్కలుగా కోసి, ప్లాస్టిక్ కవరు మీద అంటించి తెచ్చుకోండి. తిరుగు ప్రయాణంలో గేటు దాటకముందే కత్తి విడదీసి బ్యాగులో పెట్టేయండి.