చెన్నై వీధుల్లో ‘కనబడుట లేదు’ పోస్టర్లను ఫొటో తీయడం ఎలా?

గోడ మీది ఆ కాగితం ఒక ఇంటివాళ్ల ఆరాటం. ఇంకా వెతుకుతూనే ఉండవచ్చు. అందుకే దాన్ని తాకకూడదు. ఫ్రేమ్ బాగుండాలని మడత సరిచేయడం, పైన పడ్డ ట్యూషన్ ప్రకటన పీకడం లాంటివి వద్దే వద్దు. మైదా పేస్టుతో అంటించిన కాగితం ఒక మూల లేచిందంటే మిగతాది కూడా ఊడి వస్తుంది.

ఎక్కడ వెతకాలి

జనం ఆగే చోట్లే పోస్టర్లు అంటిస్తారు. సెంట్రల్ స్టేషన్, దాని ఎదురుగా ఉన్న జీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) చుట్టుపక్కల గోడలు ముందు చూడండి. పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్లూరుపేట వైపు లోకల్ రైళ్లు వెళ్తాయి. 2018 నుంచి ఆంధ్రా బస్సులకు మాధవరం బస్టాండు ఉంది. తెలుగు పోస్టర్లు దొరికే అవకాశం ఈ రెండు చోట్లే ఎక్కువ. తమిళ పోస్టర్ల మీద పెద్దక్షరాలతో ‘కాణవిల్లై’ (కనబడుట లేదు) అని ఉంటుంది. స్టేషన్ లోపల తీయాలంటే ముందుగా రైల్వేవాళ్ల అనుమతి తీసుకోండి.

రెండు రకాల ఫొటోలు

మొదటిది రికార్డు కోసం. కెమెరాను పోస్టర్ మధ్యభాగం ఎత్తులో, గోడకు సూటిగా పట్టుకుని, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8 పెట్టి అక్షరాలన్నీ చదవగలిగేలా తీయండి. తేదీ, వీధి రాసుకోండి. ఇది మీ దగ్గరే ఉంచుకోవాలి.

రెండోది అసలు ఫొటో. ఇందులో పోస్టర్ కంటే దాని ముందు నుంచి సాగిపోయే ఊరు ముఖ్యం. ఫుల్‌ఫ్రేమ్ (36×24 ఎం.ఎం. సెన్సర్) కెమెరాలో 35 ఎం.ఎం. లెన్స్‌తో 2 మీటర్ల దూరం నుంచి కెమెరాను అడ్డంగా పట్టి తీస్తే ఫ్రేమ్‌లో సుమారు 2 మీటర్ల గోడ పడుతుంది. ఏ4 కాగితం వెడల్పు అందులో పదో వంతే. ఆ చిన్నతనమే ఫొటోకు బలం, కాబట్టి జూమ్ చేయకండి. నీడ పడ్డ గోడ దగ్గర ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 100, ఎఫ్16, షట్టర్ 1/15 సెకను పెట్టి, స్తంభానికి ఆనుకుని వరుసగా ఐదారు ఫ్రేములు తీయండి. పోస్టర్ నిశ్చలంగా, మనుషులు చెదిరినట్టుగా వస్తారు. ఎండలో ఇదే షట్టర్ పెడితే అంతా తెల్లగా అయిపోతుంది. అక్కడ వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే 3 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే నల్లద్దం) కావాలి.

ఎక్కడ చెడుతుంది

తెల్లకాగితం ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని బూడిదరంగుగా మారుస్తుంది, ఎక్స్‌పోజర్‌ను ప్లస్ 0.7 నుంచి 1 వరకు పెంచండి. నల్లబడ్డ గోడ మీద చిన్న పోస్టరైతే మైనస్ 0.7, లేదంటే ముఖం వెలిసిపోతుంది. లామినేషన్ మెరుపు పోవాలంటే గోడకు 30–35 డిగ్రీల ఏటవాలులో నిలబడి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పండి. సూటిగా నిలబడితే అది పెద్దగా పనిచేయదు. సబ్‌వేల్లో ట్యూబ్‌లైట్ల కింద చారలు వస్తే షట్టర్ 1/100 లేదా 1/50కి మార్చండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. ఏసీ గదిలోంచి బయటికొచ్చాక కెమెరాను అరగంట సంచిలోనే ఉంచాలి, లేకపోతే లెన్స్‌కు ఆవిరి పడుతుంది.

రంగు విషయంలో తొందరపడకండి. ఎండకు ముందుగా ఎరుపు, పసుపు ఛాయలు పోతాయి. ముఖం నీలంగా మిగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు ఇంక్‌జెట్ ప్రింటు కారిపోతుంది, జిరాక్సు నలుపు మాత్రం నిలుస్తుంది. ఎడిటింగులో దీన్ని సరిచేయకూడదు. ఆ కాగితం ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో చెప్పేది ఆ నీలమే. వారానికోసారి అదే చోట, అదే లెన్స్‌తో, అదే ఎత్తులో తీస్తే మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కాళ్లు ఎక్కడ పెట్టాలో ఫుట్‌పాత్ రాళ్ల అతుకు చూసి గుర్తుపెట్టుకోండి.

బయట పెట్టే ముందు

ఫోన్ నంబరు చూసి, మనిషి దొరికాడంటూ డబ్బు గుంజే మోసగాళ్లున్నారు. నంబరును, చిరునామాను నల్లపట్టీతో పూర్తిగా మూసేయండి. కాస్త మసకపరిస్తే అంకెలు తెలిసిపోతాయి. తీసేటప్పుడే దారిన పోయేవాళ్ల భుజం నంబరుకు అడ్డొచ్చేలా చూస్తే మరీ మంచిది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే ముఖం, పేరు, బడి ఏవీ కనిపించకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ దీన్ని నిషేధిస్తోంది. ఫైల్‌లోని జీపీఎస్ వివరాలూ తీసేయండి.

పోస్టర్ అంటిస్తున్నవాళ్లే ఎదురైతే కెమెరా దించి, “ఎప్పట్నుంచి కనబడట్లేదమ్మా?” అని అడగండి. వద్దంటే తీయకండి. పోస్టర్‌లోని మనిషి కనిపిస్తే మాత్రం ఫొటో సంగతి వదిలేసి అందులోని నంబరుకో, 112కో ఫోన్ చేయండి. పిల్లలైతే 1098.