గనుల ఇంజినీర్ల సంఘానికి చరిత్ర రాయాలంటే: విశాఖ శాఖలకు పనికొచ్చే పద్ధతి

వృత్తి సంఘం చరిత్ర పేరుతో వచ్చే సావనీర్లలో అధ్యక్షుల ఫొటోలు, శుభాకాంక్షలు, ప్రకటనలు తప్ప ఇంకేమీ ఉండవు. పదేళ్లు గడిచాక వాటిని తెరిచేవాళ్లుండరు. గనుల ఇంజినీర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు కూడి పెట్టుకున్న సంఘం ఏం పని చేసిందో తెలియాలంటే వేరే కాగితాలు తిరగేయాలి. ఏ సాంకేతిక వ్యాసం మీద చర్చ జరిగింది, ఏ ముసాయిదా నిబంధన మీద ఏ అభ్యంతరం రాసి పంపారు, మేనేజరు సర్టిఫికెట్ పరీక్షకు ఎంతమంది కుర్రాళ్లను తయారు చేశారు అన్నవి అందులో ఉంటాయి. విశాఖలో ఏ సంఘం శాఖ అయినా నలుగురైదుగురు మనుషుల్ని కూర్చోబెడితే ఆరు నెలల్లో 128 పేజీల గట్టి పుస్తకం తేగలదు. ఆ ఆరు నెలల్లో మూడు నెలలు పాత కాగితాలకే పోతాయి. పోనివ్వండి.

ఏ సంఘమో ముందు తేల్చుకోండి

గనుల రంగంలో మూడు రకాల సంస్థలున్నాయి. పాత ఫైళ్లలో మూడింటినీ ‘అసోసియేషన్’ అనే రాస్తారు. మొదటిది వృత్తి సంఘం. అందులో సభ్యులు వ్యక్తులు. 1906లో కోల్‌కతాలో పుట్టిన మైనింగ్ అండ్ జియలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, 1957లో ఏర్పడి హైదరాబాదు కేంద్రంగా నడుస్తున్న మైనింగ్ ఇంజినీర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఈ కోవలోవి. రెండోది యజమానుల సమాఖ్య. అందులో సభ్యులు కంపెనీలు. 1966లో ఢిల్లీలో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ మినరల్ ఇండస్ట్రీస్ అలాంటిది. మూడోది 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కింద నడిచిన కార్మిక సంఘం. ఒకే మేనేజరు గారు వృత్తి సంఘంలో సభ్యుడిగా, కంపెనీ తరఫున సమాఖ్యలో ప్రతినిధిగా రెండు చోట్లా సంతకం పెట్టి ఉండొచ్చు. ఏ ఉత్తరం ఎటు చెందుతుందో తేలకపోతే చందా రసీదు చూడండి. డబ్బు కట్టింది మనిషా, కంపెనీయా అన్నది తేలితే చాలావరకు చిక్కు వీడుతుంది.

పేర్లు మారిన సంగతి కూడా పట్టించుకోండి. కోల్‌కతా సంస్థ పేరులో ‘మెటలర్జికల్’ 1937లో చేరింది. 1920ల నాటి విషయం రాస్తూ కొత్త పేరు వాడితే ఆ వాక్యం తప్పవుతుంది. మొదటిసారి పాత పేరు రాసి, మారిన ఏడాది పక్కనే చెప్పండి.

పుట్టిన తేదీ దగ్గర గొడవలు ఎక్కువ. ఒక శాఖకు సాధారణంగా మూడు తేదీలు దొరుకుతాయి: పదిమంది కూర్చుని అనుకున్న రోజు, మాతృసంస్థ అనుమతి ఉత్తరం మీది రోజు, రిజిస్ట్రేషన్ రోజు. మూడూ రాయండి, ఏది వ్యవస్థాపక దినంగా తీసుకున్నారో, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పండి. శాఖ విడిగా రిజిస్టరు కాకుండా మాతృసంస్థ కిందే నడిచి ఉంటే రిజిస్ట్రేషన్ పత్రం కోసం నెలల తరబడి వెతకడం దండగ. విడిగా అయి ఉంటే, కోస్తాలో 2001కి ముందువి 1860 నాటి సొసైటీల చట్టం కింద, ఆ తర్వాతవి 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. 2001 చట్టం ప్రకారం సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఆ జాబితాల ధ్రువీకృత నకళ్లు తీసుకుంటే ఎవరు ఏ ఏడాది కార్యదర్శో వాదన లేకుండా తేలుతుంది.

చట్టాల తేదీలే వెన్నెముక

ఒక పెద్ద కాగితం మీద గీత గీసి ముందు ఈ తేదీలు గుర్తించండి. 1901 మొదటి గనుల చట్టం. 1902 జనవరి 7న గనుల తనిఖీ బ్యూరో. నేటి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌కు మూలం అదే. 1923 రెండో గనుల చట్టం. 1926లో ధన్‌బాద్‌లో గనుల విద్యాలయం. 1948లో ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్. 1952లో మూడో గనుల చట్టం. 1957లో ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం. 1961లో మెటలిఫెరస్ గనుల నిబంధనలు. దేశమంతటికీ వర్తించే ఈ గీత కింద మీ శాఖ సంఘటనలు గుర్తిస్తూ పోండి. ఎందుకంటే వృత్తి సంఘం పని చట్టంతో ముడిపడి ఉంది. అర్హత ఉన్న మేనేజరు లేకుండా గని నడపకూడదని 1952 చట్టం 17వ సెక్షన్ చెప్పింది. అర్హత అంటే పరీక్ష. పరీక్షకు పాఠం చెప్పాలి, పుస్తకం ఇవ్వాలి, పాసైనవాళ్లకు కొత్త పద్ధతులు అందుతూ ఉండాలి. యజమాని ఒత్తిడికీ తనిఖీ అధికారి నోటీసుకూ మధ్య నలిగే మేనేజరుకు సాటి మేనేజర్లతో మాట్లాడుకునే చోటు సంఘమే. పుస్తకంలో ఈ మాట బలంగా నిలబడాలి.

అదే 1952 చట్టంలోని 59వ సెక్షన్ మీకు మంచి ఆధారం. దాని ప్రకారం నిబంధనల ముసాయిదా ప్రచురించాక కనీసం 3 నెలలు గడిస్తేగానీ దాన్ని పరిశీలనకు తీసుకోకూడదని ఉండేది. కాబట్టి పాత నోటిఫికేషన్ తేదీ పట్టుకుని, ఆ తర్వాతి 3 నెలల మినిట్స్, పంపిన ఉత్తరాల రిజిస్టరు చూడండి. శాఖ ఏదైనా అభిప్రాయం పంపి ఉంటే అక్కడ ఉంటుంది. తర్వాత తుది నిబంధనను ముసాయిదాతో పంక్తి పంక్తికీ పోల్చండి. మాట మారి ఉన్నా సరే, ‘మా వల్లే మారింది’ అని రాయకండి. ‘శాఖ ఇలా కోరింది, తుది పాఠం ఇలా వచ్చింది’ అనేది కాగితం చూపించగల మాట.

విశాఖ నేపథ్యానికి ఒక అధ్యాయం చాలు, కానీ అది మాంగనీసుతో మొదలవ్వాలి. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే మొదలైంది. అక్కడి కోడూరు అనే ఊరి పేరు మీదే ‘కోడూరైట్’ అనే శిల పేరు వచ్చింది. పెట్టింది భూగర్భ సర్వే అధికారి ఫెర్మోర్. మాంగనీసు నిక్షేపాలపై 1909లో వచ్చిన ఆయన నివేదిక, 1907 నాటి జిల్లా గెజిటీరు రెండూ చదవకుండా ఈ అధ్యాయం రాయొద్దు. 1933 అక్టోబరులో ఓడరేవు తెరుచుకుంది. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా ఇక్కడికి దిగింది. స్టీల్‌ప్లాంటుకు మాదారం డోలమైట్, జగ్గయ్యపేట సున్నపురాయి, గర్భాం మాంగనీసు సొంత గనులయ్యాయి. గనులు దూరంగా, ఇంజినీర్లు నగరంలో. విశాఖ శాఖ సమావేశాలకు ఎవరు వచ్చేవారో అర్థం కావాలంటే ఈ అమరిక తెలియాలి.

జిల్లా హద్దుల దగ్గర చాలామంది తడబడతారు. మాంగనీసు ఊళ్లయిన గరివిడి, గర్భాం 1950కి ముందు కాగితాల్లో విశాఖపట్నం జిల్లాలో ఉంటాయి; ఆ తర్వాత శ్రీకాకుళం; 1979 జూన్ నుంచి విజయనగరం. 2022 ఏప్రిల్ 4న మళ్లీ విభజన జరిగి చింతపల్లి, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ‘వైజాగపటం’, ‘వాల్తేరు’ అన్న స్పెల్లింగులన్నీ రాసి పెట్టుకోండి, కేటలాగు వెతకడానికి అవే తాళాలు. 1953కి ముందు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వులకు చెన్నైలోని ఎగ్మూరు ఆర్కైవ్స్‌కే వెళ్లాలి.

కాగితాలు

విశాఖ గాలిలో ఉప్పు, తేమ. పాత ఫైలు ముట్టుకోగానే కనిపించేది తుప్పు పట్టిన స్టేపుల్ పిన్ను. దాన్ని లాగకండి. వెనకవైపు మడిచిన కాళ్లను పల్చటి బ్లేడుతో లేపి, రెండూ నిలబడ్డాక ముందునుంచి తీయండి. లాగితే పేజీ మూల ఊడుతుంది, తేదీ తరచూ అక్కడే ఉంటుంది. సెల్లో టేపు వద్దు, లామినేషన్ అసలు వద్దు. కాగితాలను నూలు టేపుతో కట్టి, నేలనుంచి కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున, బయటి గోడకు ఆనించకుండా ఇనుప బీరువాలో పెట్టండి.

తడిసిన ఫైలును 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. ఎండలో వద్దు, ఫ్యాను గాలి చాలు. పేజీల మధ్య బ్లాటింగ్ పేపరు పెట్టి మారుస్తూ ఉండండి. హుద్‌హుద్‌లాంటి తుపానుల్లో తడిసి, ఎండి, అట్టకట్టిన ఆర్ట్ పేపరు సావనీర్లను విడదీయబోతే అచ్చు ఊడొస్తుంది. వాటిని వదిలేసి అదే సంచిక ఇంకో సభ్యుడింట్లో ఉందేమో వాకబు చేయండి.

గని నక్షాల సంగతి వేరు. ట్రేసింగ్ గుడ్డ మీద గీసినవాటిని తడిగుడ్డతో తుడిస్తే గంజి కరిగి గీతలు చెరిగిపోతాయి. అమోనియా ప్రింట్లు (అమోనియాతో తీసిన నక్షా నకళ్లు) వెలుతురుకు పాలిపోతాయి, గోడకు తగిలించకండి. నక్షా స్కాన్ చేసేటప్పుడు పక్కన ఉక్కు స్కేలు పెట్టండి. ‘1 అంగుళానికి 100 అడుగులు’ అంటే 1:1200. స్కాన్‌లో సైజు మారితే స్కేలు లేకుండా దూరం చెప్పలేం.

స్కాన్ చేసేటప్పుడు అక్షరాల పేజీలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫొటోలకు, నక్షాలకు 600 డీపీఐ. ఏ4 పేజీని 300 డీపీఐ రంగుల్లో టిఫ్‌గా దాస్తే దాదాపు 26 మెగాబైట్లు. 2,000 పేజీలకు 52 గిగాబైట్లు. రెండు హార్డ్‌డిస్కులు కొనండి. ఒకటి విశాఖ బయట ఉన్న సభ్యుడి దగ్గర ఉంచండి. ఫైలు పేరు ఏడాది-నెల-రోజుతో మొదలైతే వాటంతట అవే వరసలో కూర్చుంటాయి.

మినిట్స్ చదవడం

‘తీర్మానించడమైనది’ అని ఉన్నంత మాత్రాన ఆ పని జరిగినట్టు కాదు. శిక్షణ తరగతులు పెట్టాలని తీర్మానం కనిపిస్తే ఆ తర్వాతి క్యాషుబుక్కులో హాలు అద్దె, అధ్యాపకుడి ప్రయాణ ఖర్చు, టీ బిల్లు వెతకండి. డబ్బు కదిలితే పని జరిగింది. కదలకపోతే ‘తీర్మానం చేశారు’ అనే రాయండి. ఒక సమావేశం మినిట్స్‌కు తర్వాతి సమావేశంలో ఆమోదం, సంతకం ఉండాలి. అవి లేనిదాన్ని చిత్తుప్రతిగానే చూడండి.

సభ్యుల సంఖ్య ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది, ఇందులో ఎవరి మోసమూ లేదు. జీవిత సభ్యుల పేర్లు పోయినవాళ్లవి కూడా జాబితాలో అలాగే మిగిలిపోతాయి. అందుకే మూడు అంకెలు పక్కపక్కన ఇవ్వండి: జాబితాలో ఉన్నవాళ్లు, ఆ ఏడాది చందా కట్టినవాళ్లు, సర్వసభ్య సమావేశంలో సంతకం పెట్టినవాళ్లు. శాఖ ఎప్పుడు బలంగా ఉందో మూడో అంకె చెబుతుంది.

ఉత్పత్తి అంకెల్లో పాత టన్ను 1,016 కిలోలు, మెట్రిక్ టన్ను 1,000. లక్ష పాత టన్నులంటే 1,01,600 మెట్రిక్ టన్నులు. మూలంలో ఉన్న అంకె, మార్చిన అంకె రెండూ ఇవ్వండి. 1957 ఏప్రిల్‌కు ముందు లెక్కలు అణాల్లో, పైల్లో ఉంటాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు.

పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

పాత సభ్యుల జ్ఞాపకాలు రికార్డు చేసే ముందు ఒక పేజీ సమ్మతి పత్రం తెలుగులో రాసి సంతకం తీసుకోండి. ఏది అచ్చువేయొచ్చో, ఏది వద్దో ఆ సభ్యుడు చెప్పినట్టే నడవాలి. 60 నుంచి 90 నిమిషాలు చాలు, ఆపై పెద్దవాళ్లు అలసిపోతారు. ఫ్యాను ఆపండి, ఉక్కపోస్తుంది గానీ ఫ్యాను రొద రికార్డయితే తర్వాత తీయలేరు. రెండు ఫోన్లలో రికార్డు చేయండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో అయితే గంటకు 518 మెగాబైట్లు.

‘మీ అనుభవాలు చెప్పండి’ అంటే సన్మాన సభ ఉపన్యాసం వస్తుంది. వస్తువు దగ్గర మొదలుపెట్టండి. మెత్తటి నేలలో బెంచి (గనిలో మెట్టులా తవ్విన అంచె) ఎత్తు 1.5 మీటర్లు మించకూడదని 1961 నిబంధనల్లో ఉంది కదా, యంత్రాలు దించినప్పుడు అనుమతి ఎలా తెచ్చుకున్నారు? మీ సర్టిఫికెట్ ఓపెన్‌కాస్టుకే (పైనుంచి తవ్వే గనులకే) పరిమితమైనదా, అన్ని గనులకూ చెల్లేదా? దానికి ఎవరు చదివించారు? ఇలా అడిగితే జ్ఞాపకం కదులుతుంది. మేనేజర్లతోనే ఆగకండి. ఫోర్‌మన్లు, మేట్లు (కూలీల ముఠా మేస్త్రీలు), బ్లాస్టర్లు (మందు పేల్చేవాళ్లు), సర్వేయర్లు చెప్పేది వేరుగా ఉంటుంది. సంఘం వాళ్లను లోపలికి రానిచ్చిందా, బయటే ఉంచిందా అన్నది అడిగి తీరాలి. జవాబు ఇబ్బందిగా ఉన్నా రాయాలి.

ప్రమాదాల గురించి మాట వస్తే చనిపోయినవాళ్ల పేర్లు కుటుంబం ఒప్పుకుంటేనే వేయండి. విచారణ నివేదిక చేతిలో లేకుండా ఎవరి తప్పో రాయకండి. జ్ఞాపకానికీ కాగితానికీ పొత్తు కుదరకపోతే రెండూ ఇచ్చి, ఏది ఎక్కడిదో చెప్పండి.

అచ్చు

డెమీ సైజులో 16 పేజీలు ఒక ఫారం. 8 ఫారాలు అంటే 128 పేజీలు. 130 పేజీలు రాస్తే మిగతా 14 ఖాళీ పేజీలకు డబ్బు కట్టినట్టే. డీటీపీ చేసేవారితో ముందే మాట్లాడుకుని యూనికోడ్‌లో చేయించండి. అను ఫాంట్లలో చేసిన పుస్తకం అచ్చుకు బాగుంటుంది గానీ పీడీఎఫ్‌లో ఒక్క పేరు వెతికినా దొరకదు. చివర పేర్ల సూచిక, గనుల సూచిక తప్పనిసరి. చదివేవాడు మొదట తన తండ్రి పేరు, తను పనిచేసిన గని పేరు వెతుక్కుంటాడు.

ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, అచ్చుకు ముందే తీసుకోండి. 1954 పుస్తకాల డెలివరీ చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమెరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. ఇంకో రెండు ప్రతులు ఆంధ్ర విశ్వవిద్యాలయం డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి. స్కాన్ల జాబితా కూడా అక్కడే ఇవ్వండి. మినిట్స్ పుస్తకం అసలు ప్రతిని మాత్రం కార్యదర్శి ఇంటికి పంపకండి. కార్యదర్శులు మారతారు, ఇళ్లు మారతారు, పుస్తకం ఎక్కడుందో తర్వాత ఎవరికీ తెలియదు.