మృగశిరకు ముందే మేడెక్కండి: డిష్ విషయంలో కొన్ని జాగ్రత్తలు

మూడేళ్ల కిందట జూలైలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం మా టీవీలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో పానా పట్టుకుని మేడెక్కాను. గాలికి డిష్ జరిగిందని నా గట్టి నమ్మకం. నట్లు వదులు చేసి అటూ ఇటూ తిప్పాను. కింది నుంచి మా అబ్బాయి "రాలేదు నాన్నా" అంటూనే ఉన్నాడు. రెండు సాయంత్రాలు అలాగే గడిచాయి. మూడో రోజు వచ్చిన మెకానిక్, డిష్ ముందు చేతి కొసన ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ కొస విప్పి చూపించాడు. లోపలి రాగికి పచ్చగా చిలుము పట్టి ఉంది, కనెక్టర్‌లోంచి నీటి చుక్క రాలింది. డిష్ అసలు జరగలేదు. జరిపింది నేనే. కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేయడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. నేను చెడగొట్టిన గురిని మళ్లీ కుదర్చడానికి గంట పట్టింది.

అప్పటి నుంచి ఏటా రోహిణి కార్తె ముగిసేలోగా, మా ఇంట్లో మేడ మీద వడియాలు పెట్టే రోజునే ఈ పని కూడా పూర్తి చేస్తున్నాను.

ఎండాకాలంలో బొమ్మ బాగానే వస్తోంది కదా అనిపిస్తుంది. పాత యాంటెన్నా రోజుల్లో సిగ్నల్ తగ్గుతుంటే తెర మీద చుక్కలు పడేవి, బొమ్మ మసకబారేది. డిజిటల్ ప్రసారం అలా ముందుగా హెచ్చరించదు. సిగ్నల్ కావలసినంత ఉన్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ హద్దు కంటే ఒక్క మెట్టు దిగితే చాలు, ఆగిపోతుంది. మే నెలలో మనం ఆ హద్దుకు ఎంత ఎత్తున ఉన్నామో చూసుకోవాలి, ఎందుకంటే వాన తినేసేది ఆ ఎత్తునే. మన డీటీహెచ్ ప్రసారాలు కేయూ బ్యాండ్ అనే తరంగాల శ్రేణిలో వస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. జోరు వానలో చినుకులు దాన్ని కొంత పీల్చుకుంటాయి, కొంత చెదరగొడతాయి. గురి సరిగ్గా ఉన్న డిష్ మామూలు వానను తట్టుకుంటుంది, కుండపోత వచ్చినప్పుడే కాసేపు లొంగుతుంది. గురి తప్పిన డిష్ ఓ మోస్తరు జల్లుకే చేతులెత్తేస్తుంది.

ఎంత తప్పితే తప్పినట్టు? ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే అక్కడ మన చూపు 600 కిలోమీటర్లకు పైగా పక్కన పడుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ విషయంలో ఒక డిగ్రీ అంటే, ఒక అంచు అర సెంటీమీటరు ముందుకు, ఎదుటి అంచు అర సెంటీమీటరు వెనక్కి జరగడం. బిగించిన పైపు చుట్టూ కొలిస్తే అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ కాస్తకే అందే శక్తిలో సుమారు పావు వంతు పోతుంది. రెండు డిగ్రీలైతే ముప్పాతిక వంతు దాకా పోతుంది. ఒక కోతి ఎల్‌ఎన్‌బీ చేతిని పట్టుకుని ఊగినా ఇంత తేడా వచ్చేస్తుంది. కోతులను మనం ఆపలేం. బట్టలారేసే తాడును డిష్ పైపుకు కట్టకుండా ఉండడం మాత్రం మన చేతిలో పనే. మా వీధిలో మాత్రం చాలా మేడల మీద ఆ తాడు పైపుకే కనిపిస్తుంది. తడి దుప్పట్ల బరువు, దానికి తోడు గాలి. ఇక పైపు నిటారుగా ఎలా నిలుస్తుంది?

మేడెక్కే ముందు కింద కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. సెట్‌టాప్ బాక్స్ మెనూలో సిగ్నల్ పేజీ తెరిస్తే స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు పట్టీలు కనిపిస్తాయి. మబ్బు లేని రోజున ఆ రెండు అంకెలనూ తేదీతో సహా కాగితం మీద రాసి బాక్స్ అడుగున అంటించండి. ఒక్కో రకం బాక్స్ ఒక్కో తీరుగా లెక్కిస్తుంది కాబట్టి పక్కింటి వాళ్ల అంకెతో పోల్చుకోవడం వృథా. మీ బాక్స్‌ను దాని పాత అంకెతోనే పోల్చాలి.

చాలామంది స్ట్రెంగ్త్ వెంట పడతారు. అది మోసం చేస్తుంది. డిష్ ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నా ఎల్‌ఎన్‌బీ పంపే రొదకే ఆ పట్టీ నిండుగా కనిపించవచ్చు. నమ్మదగినది క్వాలిటీ. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ సున్నా అయితే డిష్ ఖాళీ చోటునో, వేరే ఉపగ్రహాన్నో చూస్తోందని అర్థం. రెండూ సున్నా అయితే ముందుగా కేబుల్‌ను, కనెక్టర్లను, ఎల్‌ఎన్‌బీని అనుమానించాలి, పానా జోలికి పోకూడదు. కొన్ని ఛానళ్లు వస్తూ కొన్ని పూర్తిగా మాయమైనా దోషం చాలాసార్లు కేబుల్‌దే. ఛానళ్లు కొన్ని నిలువుగా ఊగే తరంగాల మీద, కొన్ని అడ్డంగా ఊగే తరంగాల మీద వస్తాయి. బాక్స్ ఆ కేబుల్ గుండానే ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు పంపి నిలువు తరంగాలను, 18 వోల్టులు పంపి అడ్డ తరంగాలను ఎంచుకుంటుంది. తడిసిన కేబుల్ ఆ వోల్టేజీని మధ్యలో తినేస్తే అడ్డ తరంగాల మీది ఛానళ్లు రావు. అన్ని ఛానళ్ల క్వాలిటీ ఒకే తీరుగా, ఎండ రోజున కూడా తగ్గి ఉంటే అప్పుడు డిష్‌ను అనుమానించండి.

ఇక మేడ మీదికి. పొద్దున్నే, ఎండ ముదరక ముందు వెళ్లండి. సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గు తీసి వెళ్లండి. కరెంటు ఉండగా కనెక్టర్ విప్పితే రాగి తీగ అంచుకు తగిలి షార్టయ్యే ప్రమాదం ఉంది. మేడ పక్కగా 11 కేవీ తీగలు వెళ్తుంటే పైపును గానీ, ఇనుప నిచ్చెనను గానీ నిలబెట్టే పని పెట్టుకోవద్దు. ఆ తీగలను తాకనక్కరలేదు, మరీ దగ్గరికి వెళ్లినా ప్రాణం పోతుంది. పిట్టగోడ మీద నిలబడి చేసే పని, సన్‌షేడ్ మీదికి దిగి చేసే పని మనది కాదు. నడుముకు తాడు కట్టుకుని పని చేసే మనిషిని పిలవండి. ఉరుము వినబడితే పని సగంలో వదిలేసి దిగండి. వానలు మొదలయ్యాక శ్లాబు మీద పాకుడు పడుతుంది, నాలాగా గొడుగుతో ఎక్కడం ఎంత తెలివితక్కువతనమో చెప్పనక్కరలేదు. ఇంకో మాట: డిష్ వెనక క్లాంపు సందుల్లో కందిరీగలు గూడు పెడతాయి. చేయి పెట్టే ముందు తొంగి చూడండి.

మొదట పైపును పట్టుకుని ఊపండి. డిష్ గురి అంతా పైపు నిలకడ మీదే ఆధారపడి ఉంది. కింద పలక కదులుతుంటే యాంకర్ బోల్టులు బిగించాలి. సిమెంటు రాలి రంధ్రం పెద్దదైతే పక్కన కొత్త రంధ్రం వేయించాలి. ఒంటి ఇటుక పిట్టగోడకు బిగించిన డిష్ ఉంటే ఈ ఏడాదే దాన్ని శ్లాబు మీదికి మార్పించండి. తర్వాత దారానికి ఒక బరువైన నట్టు కట్టి పైపు పక్కన వేలాడదీసి, రెండు వైపుల నుంచీ చూడండి. పైపు దారానికి సమాంతరంగా ఉండాలి. ఒరిగిన పైపు మీద డిష్‌ను పక్కకు తిప్పితే ఎత్తు కూడా మారిపోతుంది, ఎంత తిప్పినా గురి కుదరదు.

డిష్ వంకర తిరిగిందో లేదో కంటికి తెలియదు. రెండు దారాలను అంచు నుంచి అంచుకు, కూడిక గుర్తులా బిగువుగా కట్టండి. మధ్యలో దారాలు ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఉంటే మంచిదే. నడుమ ఖాళీ కనిపించినా, ఒకటి రెండోదాన్ని నొక్కి వంచుతున్నా డిష్ మెలి తిరిగినట్టు. అలాంటిదాన్ని సుత్తితో సరిచేయాలని చూడవద్దు, మార్చేయండి. దుమ్ము గురించి కంగారు అవసరం లేదు. రుద్దే ఉత్సాహంలో డిష్‌ను కదపడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. తుప్పు కనిపించిందని మెరిసే వెండి రంగు మాత్రం వేయకండి. మసక రంగు ఎందుకు ఉందంటే, మెరిసే డిష్ ఎండను పోగు చేసి ఎల్‌ఎన్‌బీ మీద పడేస్తుంది.

ఎల్‌ఎన్‌బీ ముందరి ప్లాస్టిక్ మూత రెండు మూడు ఎండాకాలాలకు పెళుసుబారుతుంది. పగులు కనిపిస్తే మొదటి వానలోనే నీళ్లు లోపలికి పోతాయి. దానికి పాలిథిన్ సంచి తొడగడం చాలా చోట్ల చూస్తాం. సంచి మడతల్లో నీరు నిలిచి అదే అడ్డం పడుతుంది, దానికంటే కొత్త ఎల్‌ఎన్‌బీ నయం. కనెక్టర్ విప్పి రాగి తీగ, దాని చుట్టూ ఉండే సన్నతీగల అల్లిక చూడండి. పచ్చగానో నల్లగానో ఉంటే శుభ్రమైన రాగి కనిపించేంత వరకు కత్తిరించి కొత్త కనెక్టర్ వేయాలి. మామూలు ఇన్సులేషన్ టేపు బంక మన ఎండకు కరిగి ఊడిపోతుంది. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది, అది వాడండి. కేబుల్‌ను కనెక్టర్ కంటే కిందికి జారేలా ఒక చిన్న వంపు ఉంచితే నీరు ఆ వంపు దగ్గరే చుక్కగా రాలిపోతుంది. గోడ గుండా ఇంట్లోకి దిగే చోట కూడా అలాంటి వంపు ఉండాలి.

అన్నీ బాగుంటే ఇప్పుడే గుర్తులు పెట్టండి. పైపు మీదా క్లాంపు మీదా కలిసేలా పెయింటుతో సన్నని నిలువు గీత. ఎత్తు చూపే స్కేలు దగ్గర ఒక గీత. ఎల్‌ఎన్‌బీ మెడ దగ్గర, అది తన చుట్టూ ఎంత తిరిగి ఉందో తెలిసేలా ఇంకొకటి. మూడింటినీ ఫోనులో ఫోటో తీసుకోండి. ఇంత చిన్న పనితో గాలివాన తర్వాత గంటల వెతుకులాట నిమిషాల్లోకి వస్తుంది.

నిజంగానే గురి తప్పితే ఎటు చూడాలి? విజయవాడ నుంచి టాటా ప్లే వాడే, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహం దాదాపు దక్షిణంలో, కొంచెం తూర్పుకు, సుమారు 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. విశాఖపట్నం రేఖాంశం కూడా ఇంచుమించు 83 కాబట్టి అక్కడ నేరుగా దక్షిణం చూస్తే సరిపోతుంది. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల దగ్గర. విజయవాడకు అది ఆగ్నేయంగా, 65 డిగ్రీల ఎత్తున. ఎయిర్‌టెల్ వాడే 108.2 డిగ్రీల ఉపగ్రహం ఇంకా తూర్పున, 53 డిగ్రీల ఎత్తున. డిష్ ముఖాన్ని మాత్రం అంత ఎత్తకండి. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ముఖం చూపే చోటుకంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తుకు చూస్తాయి. ఫోనులోని దిక్సూచి ఇనుప పైపు పక్కన తప్పు చెబుతుంది, నాలుగడుగులు దూరంగా నిలబడి చూడండి.

తిప్పేటప్పుడు తొందర పనికిరాదు. బాక్స్ కొత్త సిగ్నల్‌ను గుర్తించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కొంచెం జరిపి ఆగండి, ఫోనులో కింది మనిషి అంకె చెప్పాక మళ్లీ జరపండి. అంకె పెరిగిన చోటే బిగించేయకూడదు. ఎడమకు ఎక్కడ పడిపోతుందో, కుడికి ఎక్కడ పడిపోతుందో గుర్తించి ఆ రెంటికీ నడుమ పెట్టాలి. ఎత్తుకూ ఇదే పద్ధతి. నట్లను ఒక్కొక్కటీ పూర్తిగా బిగిస్తే డిష్ అటు లాగుతుంది. మార్చి మార్చి కొద్దికొద్దిగా, అంకె వింటూ బిగించండి.

చెట్ల సంగతి. విజయవాడలో 93.5 డిగ్రీల వైపు చూసే డిష్‌కు, ఆ దిశలో పది అడుగుల దూరంలోని కొమ్మ డిష్ కంటే ఇరవై అడుగులకు పైగా ఎత్తుంటేనే అడ్డం. దూరపు కొబ్బరిచెట్టును నిందించనక్కరలేదు, పిట్టగోడను ఆనుకున్న మునగచెట్టును చూడండి. వానలకు అది ఎంత వేగంగా పెరుగుతుందో తెలిసిందే. తడి ఆకులు పొడి ఆకులకంటే బాగా అడ్డుకుంటాయి.

మార్చి రెండో వారంలోనూ, సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకానూ వరసగా కొన్ని రోజులు, పగటిపూట ఒకే సమయానికి కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతే పానా తీయకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తున్నాడంతే. 83 డిగ్రీల వాళ్లకు అది మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో జరుగుతుంది. ఆ నిమిషాల్లో మేడెక్కి చూస్తే ఒక లాభం ఉంది. డిష్ మీద ఏ కొమ్మ నీడ పడితే సిగ్నల్‌కు అడ్డం ఆ కొమ్మే.

తీరప్రాంతం వాళ్లకు అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే 60 సెంటీమీటర్ల డిష్ మీద పదిహేను, ఇరవై కిలోల తోపు పడుతుంది. 180 కిలోమీటర్ల గాలికి అది మూడు రెట్లు దాటుతుంది. ఊడిన డిష్ పక్కింటి కిటికీలోకి దూసుకుపోవచ్చు. పెద్ద తుఫాను హెచ్చరిక వస్తే, ఇంకా గాలి లేవకముందే బాక్స్ ప్లగ్గు, కేబుల్ రెండూ తీసేయండి. గుర్తులు పెట్టి ఉన్నాయి కాబట్టి డిష్‌ను విప్పి గదిలో పెట్టడానికి వెనకాడనక్కరలేదు, పైపు మాత్రం అలాగే ఉండనివ్వండి. కేబుల్ కొసకు పాలిథిన్ కట్టి కిందికి వంచి వదలండి. విప్పిన నట్లు, వాషర్లు వెంటనే వాటి బోల్టులకే తొడిగి డిష్‌తోపాటే ఉంచండి. జేబులో వేసుకుంటే తిరిగి బిగించే రోజున వాటికోసం ఇల్లంతా వెతకాల్సి వస్తుంది.