జర్మనీలో విదేశీ వాహనం గుద్దితే బీమా సొమ్ము ఎలా రాబట్టుకోవాలి?

జర్మనీ ఆటోబాన్ మీద కారు నడిపే తెలుగువారికి ఈ దృశ్యం కొత్త కాదు. కుడి వరుస నిండా లారీలు. ఒకదాని నంబరు ప్లేటు మీద పీఎల్, ఇంకోదాని మీద ఎల్‌టీ, మరోదాని మీద ఆర్‌ఓ. పోలండు, లిథువేనియా, రొమేనియా అన్నమాట. అలాంటి లారీ ఒకటి వరుస మారుతూ నా కారును పక్క నుంచి గీసుకుంటూ పోయినప్పుడు, తలుపు నొక్కుకుపోయిందన్న బాధ కంటే ముందు నాకు పుట్టిన భయం ఒకటే: ఎక్కడో ఉన్న లిథువేనియా బీమా కంపెనీతో ఏ భాషలో ఉత్తరాలు నడపాలి?

నడపనక్కరలేదని తరువాత తెలిసింది. ప్రమాదం జర్మనీలో జరిగితే పరిహారం కూడా జర్మనీలోనే, జర్మన్ చట్టం ప్రకారమే అందుతుంది. దీని వెనక ఉన్నది 1949లో మొదలైన గ్రీన్ కార్డు ఏర్పాటు. అమెరికా గ్రీన్ కార్డుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది వాహన బీమా కార్డు. దాదాపు 50 దేశాలు ఇందులో ఉన్నాయి. ఒక్కో దేశంలో ఒక్కో బ్యూరో ఉంటుంది. బయటి దేశపు వాహనం తన గడ్డ మీద చేసిన నష్టాన్ని ఆ బ్యూరో ముందు తీరుస్తుంది, తరువాత ఆ దేశపు బీమా కంపెనీ లేదా బ్యూరో నుంచి వసూలు చేసుకుంటుంది. జర్మనీలో ఆ సంస్థ పేరు డాయిచెస్ బ్యూరో గ్ర్యూనె కార్టె, ఉండేది బెర్లిన్‌లో. మన దేశం ఈ ఏర్పాటులో లేదు కాబట్టి ఊరి నుంచి కొత్తగా వచ్చినవారికి ఈ పేరు తెలియకపోవడం సహజం.

1. రోడ్డు పక్కన ఆ పది నిమిషాలు

క్లెయిము నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. ముందు ప్రాణం: హెచ్చరిక లైట్లు వేసి, మెరిసే చొక్కా తొడుక్కుని, ఆటోబాన్ అయితే ఇనుప కంచె అవతలికి వెళ్లి నిలబడండి. దెబ్బలు తగిలితే 112. పోలీసులకు 110. చిన్న గీతకు పోలీసులెందుకని స్థానికులు అంటారు. రెండు జర్మన్ కార్ల మధ్య అయితే ఆ మాట చెల్లుతుందేమో కానీ, విదేశీ వాహనమైతే తప్పక పిలవండి. రేపు ఆ డ్రైవరు ఏ దేశంలో ఉంటాడో తెలియదు. పోలీసులు ఇచ్చే కేసు సంఖ్య, అంటే ఆక్టెన్‌త్సైఖెన్, మీ దగ్గర ఉంటే సగం పని అయినట్టే.

తరువాత ఫొటోలు. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. లారీ వెనక్కి వెళ్లి నంబరు ఫొటో తీసి, పని అయిపోయిందనుకున్నాను. వెనక ఉండేది ట్రెయిలరు నంబరు. ముందున్న లాగే వాహనానికి వేరే నంబరు, వేరే బీమా. ఒక్కోసారి వేరే దేశం కూడా. నా విషయంలో ముందుది లిథువేనియా, వెనకది పోలండు. పోలీసులు రెండూ రాసుకున్నారు కాబట్టి గట్టెక్కాను. జర్మన్ చట్టంలో ట్రెయిలరు యజమానికీ బాధ్యత ఉంటుంది. అయినా రెండు నంబర్లూ, రెండింటి దేశపు అక్షరాలూ కనిపించేలా ఫొటో తీయండి. తలుపు మీద రాసి ఉండే రవాణా కంపెనీ పేరు, డ్రైవరు పేరు, చిరునామా, బీమా కంపెనీ, పాలసీ సంఖ్య కూడా తీసుకోండి.

గ్రీన్ కార్డు కాగితం అడగాలా? యూరోపియన్ యూనియన్ దేశాలు, స్విట్జర్లాండు, బ్రిటన్, సెర్బియా వంటి చోట్ల నుంచి వచ్చిన వాహనమైతే నంబరు ప్లేటే బీమాకు రుజువు. టర్కీ, ఉక్రెయిన్, అల్బేనియా వాహనమైతే కార్డు చూపించమని అడిగి, ఫొటో తీసుకోవాలి. పేరు గ్రీన్ కార్డే అయినా 2020 జులై నుంచి తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల్లో అచ్చువేసినదీ చెల్లుతుంది. ఆకుపచ్చగా లేదని గొడవ పెట్టుకోకండి.

2. భాష రాకపోయినా ఫారం నింపవచ్చు

యూరోపియన్ ప్రమాద నివేదిక అనే ఫారం ఒకటి కారు అరలో ఎప్పుడూ ఉంచుకోండి. ఏ భాషలో అచ్చువేసినా గళ్ల వరుస, వాటి సంఖ్యలు ఒకటే. నా చేతిలో జర్మన్ ప్రతి, లారీ డ్రైవరు చేతిలో పోలిష్ ప్రతి. వేలితో గడి సంఖ్య చూపించుకుంటూ నింపేశాం. 'ఏ' (A) వాహనానిది నీలం వైపు, 'బీ' (B) వాహనానిది పసుపు వైపు. మధ్యలో 12వ గడి కింద 17 పరిస్థితులు ఉంటాయి: ఆగి ఉన్నాడా, వరుస మారుతున్నాడా, వెనక్కి వస్తున్నాడా అని. జరిగినదానికే గుర్తు పెట్టండి, చివర ఎన్ని గుర్తులు పెట్టారో ఆ లెక్క కూడా రాయండి.

ఈ ఫారం జరిగినదాన్ని చెబుతుంది; తప్పు ఒప్పుకున్నట్టు కాదు. అందుకే దీని మీద సంతకం చేయవచ్చు. "తప్పు నాదే" అని విడిగా రాసిన చీటీ మీద మాత్రం, ఎదుటివాడు ఎంత మర్యాదగా అడిగినా, సంతకం చేయకండి. రెండు వందల యూరోలు చేతిలో పెట్టి వెళ్లిపోతానంటే కూడా వద్దు. ఈ రోజుల్లో బంపరు వెనక ఉండే సెన్సర్ల ఖరీదు ఆ నోట్లకు అందదు.

3. అదే రోజు ఒక ఫోను, ఒక ఉత్తరం

త్సెంట్రాల్‌రూఫ్ అనే బీమా సంస్థల ఉమ్మడి సేవ ఉంది. ఉచిత నంబరు 0800 250 260 0. ఎవరిని సంప్రదించాలో వాళ్లు చెబుతారు. తరువాత గ్ర్యూనె కార్టె బ్యూరోకు రాతపూర్వకంగా తెలియజేయాలి: ప్రమాదం తేదీ, చోటు, నంబర్లు, దేశం, యజమాని, డ్రైవరు వివరాలు, పాలసీ లేదా కార్డు సంఖ్య, పోలీసు కేసు సంఖ్య. బ్యూరో ఆ విదేశీ కంపెనీ తరఫున జర్మనీలో ఎవరు చూస్తారో తేల్చి, ఆ జర్మన్ కంపెనీకి మీ కాగితాలు అప్పగిస్తుంది. ఇక మీ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆ కంపెనీతోనే.

మీ సొంత బీమా కంపెనీకి కూడా చెప్పండి. ఎదుటివాడు రేపు కథ తిప్పి మీ మీదే క్లెయిము వేస్తే వాళ్లకు ముందే తెలిసి ఉండాలి. కారు ఆఫీసు ఇచ్చిన లీజు కారు అయితే — మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామందికి అదే — యజమాని మీరు కాదు. లీజు కంపెనీ అనుమతి లేకుండా మరమ్మతుకు ఇవ్వకండి.

4. ఎంత అడగాలి?

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. షెడ్డు బిల్లు వస్తే చాలనుకుంటారు. తప్పు పూర్తిగా ఎదుటివాడిదైతే జర్మన్ చట్టం ఇంకా చాలా ఇస్తుంది.

చిన్న గీతలకు షెడ్డు ఇచ్చే అంచనా పత్రం సరిపోతుంది. నష్టం 1000 యూరోలు దాటేలా ఉంటే స్వతంత్ర నిపుణుణ్ణి, అంటే గుటాఖ్టర్‌ను మీరే ఎంచుకోవచ్చు. ఆ రుసుము ఎదుటి బీమాదే. "మా మనిషినే పంపిస్తాం, మీకెందుకు శ్రమ" అని కంపెనీ ఫోను చేస్తే మర్యాదగా వద్దనండి. నిపుణుడి నివేదికలో మరమ్మతు ఖర్చుతో పాటు, ప్రమాదానికి గురైన కారు కాబట్టి అమ్మకంలో తగ్గే విలువ కూడా ఉంటుంది. కారు షెడ్డులో ఉన్న రోజులకు అద్దె కారు లేదా దానికి బదులు రోజుకింత చొప్పున సొమ్ము, లాగుకెళ్లిన ఖర్చు, గాయమైతే వైద్యం, నొప్పికి పరిహారం అడగవచ్చు. కారు బాగు చేయించకుండా అంచనా ప్రకారం డబ్బు తీసుకోవడానికీ వీలుంది, కాకపోతే పన్ను భాగం ఇవ్వరు.

ట్రాఫిక్ చట్టం తెలిసిన న్యాయవాది ఫీజు కూడా, మీ తప్పు లేనప్పుడు, ఎదుటి పక్షం భరించాల్సిందే. విదేశీ వాహనమున్న కేసులో నేనైతే మొదటి రోజే న్యాయవాది దగ్గరికి వెళతాను. ఖర్చు మిగిల్చుకుందామని నేను రెండు నెలలు సొంతంగా ఉత్తరాలు రాసి, ఆ తరువాత వెళ్లాను.

5. జవాబు రాకపోతే

పూర్తి వివరాలతో క్లెయిము అందిన మూడు నెలల్లోగా పరిహారం ప్రతిపాదన గానీ, ఎందుకు ఇవ్వరో కారణాలతో జవాబు గానీ రావాలి. రాకపోతే కోర్టు. ఇక్కడొక గొయ్యి ఉంది: మీతో ఇన్నాళ్లూ ఉత్తరాలు నడిపిన జర్మన్ కంపెనీ మీద దావా వేస్తే కొట్టేస్తారు. అది బ్యూరో తరఫున పని చేసేది మాత్రమే. దావా గ్ర్యూనె కార్టె బ్యూరో మీద వేయాలి. గడువు మూడేళ్లు, సాధారణంగా ప్రమాదం జరిగిన సంవత్సరం చివరి నుంచి లెక్క. 2025 మేలో జరిగితే 2028 డిసెంబరు 31 దాకా.

గుద్దిన వాహనం ఆగకుండా, నంబరు కూడా దొరకకుండా పారిపోతే బ్యూరో ఏమీ చేయలేదు. అప్పుడు ఫెర్‌కేర్స్‌ఓప్ఫర్‌హిల్ఫె అనే నిధి ఉంది. అది ప్రధానంగా మనుషుల గాయాలకే. కారు మాత్రమే దెబ్బతింటే సాధారణంగా ఏమీ రాదు.

సెలవులకు వెళ్లినప్పుడు జరిగితే

మీ జర్మన్ కారును ఇటలీలో ఇటలీ కారు గుద్దితే దారి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లోని ప్రతి వాహన బీమా కంపెనీకీ మిగతా సభ్య దేశాలన్నింటిలో క్లెయిము ప్రతినిధి ఉండాలి. జర్మనీలో ఆ ప్రతినిధి ఎవరో పైన చెప్పిన త్సెంట్రాల్‌రూఫ్ నంబరుకే ఫోను చేసి తెలుసుకోవచ్చు. ఇంటికి వచ్చి మీ ఊరి నుంచే క్లెయిము వేయవచ్చు, మూడు నెలల గడువు ఇక్కడా ఉంది. కోర్టుకెక్కవలసి వస్తే మీరు నివసించే ఊరి కోర్టులోనే ఆ ఇటలీ బీమా కంపెనీ మీద దావా వేయవచ్చని యూరోపియన్ న్యాయస్థానం 2007లో తేల్చింది. లెక్క కట్టేది మాత్రం ఇటలీ చట్టం ప్రకారం. కాబట్టి న్యాయవాది ఫీజు, నిపుణుడి రుసుము, అద్దె కారు జర్మనీలో వచ్చినట్టే వస్తాయనుకోకండి. ఆ ఖర్చులు పెట్టకముందే ప్రతినిధిని రాతపూర్వకంగా అడగండి.